చూసేవాడి చోటు

దర్శకుడి పనేమిటని అడిగితే నటులకు నేర్పడమనీ, సన్నివేశాన్ని రక్తి కట్టించడమనీ చెబుతాం. నిజమే. కానీ టి. కృష్ణ సినిమాలు చూసిన కొద్దీ నాకు ఒకటి గట్టిగా అనిపిస్తుంది. చూసేవాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలో తెలిసినవాడే దర్శకుడు.

తొట్టెంపూడి కృష్ణ మన ప్రకాశం గడ్డ మనిషి. 1950లో టంగుటూరు దగ్గర కాకుటూరివారిపాలెంలో పుట్టారు. ఒంగోలులో ప్రజానాట్యమండలి అనే నాటక సంస్థ ఆయనకు బడి. 1943లో పుట్టిన ఆ మండలి నుంచి సినిమాకు అప్పటికే ఒక దారి పడి ఉంది. 'మాభూమి' నాటకాన్ని జనంలోకి తీసుకెళ్లిన డాక్టర్ గరికపాటి రాజారావు 1953లో 'పుట్టిల్లు' తీసి, జమునను, అల్లు రామలింగయ్యను తెరకు పరిచయం చేశారు. ముప్పై ఏళ్ల తర్వాత, 1983లో, కృష్ణ 'నేటి భారతం'తో అదే దారి పట్టారు.

ఆ నాటకాల బడి ఏం నేర్పుతుందో మా మార్టూరు, చిలకలూరిపేట వైపు పరిషత్తు నాటికలు చూసినవాళ్లకు తెలుసు. రంగం మీద పైనుంచి మైకులు వేలాడుతుంటాయి. కొత్త నటుడు తన డైలాగు రాగానే చప్పున మైకు కిందికి చేరతాడు. దాంతో పాత్ర పోయి నటుడు బయటపడతాడు. తెలిసిన దర్శకుడు రిహార్సల్లోనే ఆ మైకు కింద ఒక బల్ల వేసి, దాని మీద మంచినీళ్ల చెంబు పెడతాడు. పాత్ర దాహానికి అటు నడుస్తుంది, మాట చివరి వరస దాకా వినపడుతుంది. పగలంతా పత్తి తీసి, మిరపకాయలు కోసి వచ్చి నేల మీద కూర్చున్న మనిషికి ఒక్క మాట కూడా పోకూడదు. ఆ మనిషిని మనసులో పెట్టుకోకుండా ఇక్కడ నాటిక ఆడలేం.

కృష్ణ ఆ మనిషిని కెమెరా దగ్గరికి కూడా వెంటబెట్టుకెళ్లారు. 1985లో రామోజీరావు నిర్మించిన 'ప్రతిఘటన' చూడండి. మాటలు రాసింది ఒంగోలు నాటక రచయిత ఎం.వి.ఎస్. హరనాథరావు. లెక్చరర్ ఝాన్సీగా విజయశాంతి. రౌడీ కాళి ఆమెను నడివీధిలో వివస్త్రను చేస్తాడు. చుట్టూ జనం నిలబడి చూస్తారు. కాలేజీకి వెళితే నల్లబల్ల మీద అసభ్యమైన బొమ్మ, బెంచీల మీద కుర్రాళ్లు. అక్కడే ఆమె పాట అందుకుంటుంది. చివరికి కాళిని సత్కరించే సభలో అతన్ని పొగుడుతూ మాట్లాడి, అందరి ముందే గొడ్డలి ఎత్తుతుంది.

వీధి, తరగతి గది, బహిరంగ సభ. మూడు చోట్లా నలుగురి ఎదుటే జరుగుతుంది. మొదటి చోట జనం నోరెత్తరు. రెండో చోట తల దించుకుంటారు. మూడో చోట తీర్పు వాళ్ల కళ్ల ముందే అమలవుతుంది. హాల్లో టికెట్ కొనుక్కుని కూర్చున్న మనం ఆ గుంపులో మనుషులమే. ఆ వీధిలో ఉంటే నేనేం చేసేవాణ్ణన్న ప్రశ్న మనల్ని వదలదు. ఝాన్సీ కష్టానికి మనచేత కన్నీళ్లు పెట్టించడంతో కృష్ణ తృప్తి పడలేదు, మనల్ని సాక్షుల్ని చేసి నిలబెట్టారు. 1987లో ఎన్. చంద్ర ఈ కథనే హిందీలో 'ప్రతిఘాత్'గా తీశారు.

'నేటి భారతం', 'ప్రతిఘటన' కాక 'దేశంలో దొంగలు పడ్డారు', 'దేవాలయం', 'వందేమాతరం', 'రేపటి పౌరులు'. అన్నీ కలిపి తెలుగులో ఆరే సినిమాలు. 1986లో క్యాన్సర్‌తో పోయేనాటికి ఆయనకు 36 ఏళ్లు. ఇంకో ఇరవై ఏళ్లు ఉంటే మన సినిమా ఎలా ఉండేదోనన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు నాటికలకు సెట్టింగులు పెరిగాయి, లైటింగ్ మెరుగుపడింది. మంచిదే. అయినా కొత్తగా దర్శకత్వం చేపట్టే పిల్లలను నేను అడిగేది ఒక్కటే. ఒక రోజు రిహార్సల్లో రంగం దిగి, వెనక వరసలో నేల మీద కూర్చుని మీ నాటిక మీరే చూడండి. అక్కడ కూర్చునే మనిషికి మీ కథలో ఏ బాధ్యత ఇచ్చారో తేల్చుకోండి. ఏమీ ఇవ్వలేదని తేలితే, సెట్టింగు పని ఆపి మళ్లీ స్క్రిప్టు పట్టండి.