తల దించండి చాచా

పాతబస్తీలో నా ఈడు వాళ్లలో చాలామందికి ఈత వచ్చింది బావుల్లోనే. నడుముకు బెండో, మూత బిగించిన డబ్బానో కట్టి తోసేసేవారు. గట్టు మీంచి ఎవడు ఎప్పుడు నెత్తిన దూకుతాడో తెలియదు, అందుకే తల పైకెత్తి ఈదడం అలవాటైంది. బావిలో ఆ అలవాటు ప్రాణం కాపాడింది. స్విమ్మింగ్ పూల్‌లో అదే బ్రేకు వేస్తోంది.

యాభై దాటాక మళ్లీ నీళ్లలో దిగిన కొత్తలో నా టైమింగ్ చకచకా తగ్గింది. ఆ తర్వాత ఒకచోట ఆగిపోయింది. ఎంత రొప్పినా గోడ గడియారానికి జాలి లేదు. అప్పుడు మగవాళ్లం చేసే పని ఒకటే: ఇంకా గట్టిగా కొట్టడం, ఇంకో నాలుగు ల్యాపులు కలపడం. నీళ్ల లెక్క వేరు. నీరు గాలి కంటే సుమారు 800 రెట్లు సాంద్రమైనది. వేగం రెట్టింపైతే నిరోధం దాదాపు నాలుగింతలు, దాన్ని తోసుకుపోవడానికి ప్రతి సెకనూ పెట్టాల్సిన శక్తి ఎనిమిదింతలు. కేవలం 10 శాతం వేగం పెరగాలన్నా మూడో వంతు శక్తి అదనం. ఈ వయసులో అంత బలం ఎక్కణ్నుంచి తెస్తాం? నిరోధాన్ని తగ్గించుకోవడమే చవక.

"తల దించండి చాచా, నేల చూడండి" అంటాడు మా కుర్ర కోచ్. తల లేస్తే నడుమూ కాళ్లూ కిందికి జారతాయి. దించితే అవే తేలతాయి. ఊపిరికి తల ఎత్తకూడదు, ఒంటితోపాటు పక్కకు తిప్పాలి. చెయ్యి నీళ్లలో పడగానే కిందికి నొక్కితే మనిషి పైకి లేస్తాడు తప్ప ముందుకు పోడు. మోచెయ్యి పైనే ఉంచి, అరచేతితో, ముంజేతితో నీటిని వెనక్కి నెట్టాలి. ఇదంతా మార్చుకునేటప్పుడు టైమింగ్ ముందు ఇంకా చెడుతుంది. చాలామంది పాత ఈతకు పారిపోయేది ఇక్కడే.

వయసు మీద నెపం వేసేవాళ్లకు మన హైదరాబాదీ గోలి శ్యామల ఉన్నారు. నలభై దాటాక ఈత నేర్చుకుని, 2021 మార్చిలో తలైమన్నార్ నుంచి ధనుష్కోడికి పాక్ జలసంధిని ఈదేశారు. దాదాపు 30 కిలోమీటర్లు, పదమూడు గంటలకు పైనే. ఒట్టి కండబలంతో అన్ని గంటలు ఈదడం ఎవరి తరమూ కాదు.

టైమింగ్ ఆగిపోయిందా? కొన్నాళ్లు గడియారం ఒక్కటే చూడకండి. ఒక ల్యాపుకు ఎన్ని బారలు పడ్డాయో లెక్కపెట్టి, దానికి సెకన్లు కలపండి. ఆ మొత్తం తగ్గుతుంటే దారి సరైనదే. భుజం నొప్పి పుడితే మాత్రం ఆపేసి డాక్టరుకు చూపించండి.