పురుగుల వైరస్: కరపత్రము చెప్పని కారణము

సూర్యాపేట, కోదాడ ప్రాంతములలో కంది, మిరప పండించు రైతులకు శనగపచ్చ పురుగు పాత శత్రువు. 2002లో బి.టి. ప్రత్తి వచ్చిన పిదప ప్రత్తిలో దీని ఉధృతి తగ్గినను ఈ పైరులలో తగ్గలేదు. దీనికి సహజముగా సోకు ఎన్.పి.వి. అను వైరస్‌నే మందుగా చల్లు పద్ధతి కలదు. దీనిని గూర్చిన కరపత్రములు సాధారణముగా చెప్పునది ఇంతే: హెక్టారునకు 250 ఎల్.ఇ. చల్లవలెను, సాయంత్రము చల్లవలెను, బెల్లము, నీలిమందు కలుపవలెను. ఇందులో తప్పు లేదు. ఎందుకన్నది లేకపోవుటయే లోపము. ఒక ఎల్.ఇ. అనగా వ్యాధితో చచ్చిన ఒక పెద్ద పురుగునుండి లభించు వైరస్, సుమారు 600 కోట్ల స్ఫటికములు, అనియైన చెప్పరు.

మరియొక వైపు శాస్త్రపత్రములు కలవు. 2001లో చైనా, నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు ఈ వైరస్ జన్యులిపిని పూర్తిగా ప్రకటించిరి: 1,31,403 అక్షరజంటలు, 135 జన్యువులు. ఇట్టి పత్రములలో రైతు కనబడడు. కరపత్రములో జన్యువు కనబడదు.

ఈ రెండింటిని కలుపుట కష్టము కాదు. వైరస్ కణములు పాలిహెడ్రిన్ అను మాంసకృత్తు స్ఫటికములో ఒదిగియుండును. పురుగు ప్రేగులోని క్షారరసములో ఆ స్ఫటికము కరిగినప్పుడే వైరస్ బయటపడును. కనుక ఇది తాకిడితో చంపు మందు కాదు. పురుగు దీనిని తినవలెను. బెల్లము అందులకే. ఎండలోని అతినీలలోహిత కిరణములు జన్యుపదార్థమును పాడుచేయును. సాయంత్రము, నీలిమందు అందులకు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇ.జి.టి. అను జన్యువు. దీనిని 1989లో ఓరైలీ, మిల్లర్ అను శాస్త్రజ్ఞులు ఇదే జాతి వైరస్ మరొకదానిలో వివరించిరి. దాని మాంసకృత్తు, కుబుసము విడుచుటకు కావలసిన హార్మోనును పనిచేయనీయదు. రోగము సోకిన పురుగు కుబుసము విడువక తినుచునే యుండును. వైరస్‌కు లాభము, రైతునకు నష్టము. ఆ జన్యువును తొలగించిన వైరస్ పురుగును త్వరగా చంపునని 1991లో వారే చూపిరి. ఈ సంగతి తెలిసిన రైతు పురుగు చిన్నదిగా నున్నప్పుడే చల్లును. మరునాడు అది బ్రతికియున్నదని రసాయనపు మందుకై పరుగెత్తడు.

హద్దులు కూడ చెప్పవలెను. మిర్యాలగూడ వద్ద సాగర్ ఎడమ కాలువ క్రింది వరిలో సుడిదోమకు ఈ వైరస్ సోకదు. ప్రత్తికాయలోని గులాబీపురుగుకు పనికిరాదు. పొగాకు లద్దెపురుగుకు వేరొక వైరస్ కలదు. జీవసంబంధమైన మందు అనగానే అన్ని పురుగులకు పనిచేయునను భ్రమ కలిగించు వ్రాత రైతు సొమ్మును, అదనును రెంటిని పోగొట్టును. ఈ నాలుగు సంగతులకు కరపత్రములో అరపుట చాలును.