వానకు లెక్క కట్టు విద్య

"రేపు వాన కురియునా?" అను ప్రశ్న వ్యవసాయమంత పాతది. "కురిసినచో ఎవరికి ఎంత నష్టము?" అను ప్రశ్నకు అంకెలతో సమాధానము చెప్పవలెనను కోరిక మాత్రము ఇటీవలిది. ఈ రెండవ ప్రశ్న నుండి పుట్టినదే వాతావరణ, శీతోష్ణస్థితి ముప్పుల విశ్లేషణ శాస్త్రము. అమెరికా, ఐరోపాలలోని కొన్ని విశ్వవిద్యాలయములు దీనిని స్నాతకోత్తర స్థాయిలో బోధించుచున్నవి. వాటిలో కొన్ని ఆన్‌లైన్ పద్ధతిని అవలంబించుటచే, ఉద్యోగములు చేయుచున్నవారును ఇంటి నుండియే చదువుకొనగలుగుచున్నారు. బీమా సంస్థలు, బ్యాంకులు, విద్యుత్ సంస్థలు ఇట్టి లెక్కలు తెలిసినవారిని కోరుచున్నవి. గణితమునందును భౌతికశాస్త్రమునందును ఆసక్తి గల మన విద్యార్థులను ఈ విద్య ఆకర్షించుటలో వింత లేదు. కావున ఇందలి బలమెచ్చటనున్నది, కొరత యెచ్చటనున్నది అని పరిశీలించుట అవసరము.

ముప్పు అనగా నేమి?

వాతావరణ సూచన వేరు, ముప్పును లెక్కించుట వేరు. తుపాను ఎచ్చట తీరము దాటునో చెప్పుట మొదటిది. ఆ తీరమున ఎన్ని ఇండ్లున్నవి, అవి ఎంత గాలికి కూలును, కూలినచో నష్టమెంత అని చెప్పుట రెండవది. అనగా ముప్పులో మూడు భాగములు కలవు: విపత్తు సంభవించు అవకాశము, దాని దారిలోనున్న జనము మరియు ఆస్తి, వాటికి గల తట్టుకొను శక్తి. మనుష్య సంచారము లేని దీవిపై ఎంతటి గాలివాన వీచినను ముప్పు స్వల్పమే. ఒక మోస్తరు వానయే మురుగు కాలువలు పూడిన నగరమున పెద్ద ముప్పు కాగలదు.

ఈ లెక్క యొక్క విలువ 1992 ఆగస్టులో లోకమునకు స్పష్టపడినది. ఆండ్రూ అను హరికేన్ ఆ నెలలో దక్షిణ ఫ్లారిడాను తాకినది. అంతవరకు బీమా సంస్థలు గడచిన కొన్ని ఏండ్లలో తాము చెల్లించిన పరిహారమును చూచియే ప్రీమియములను నిర్ణయించుచుండెడివి. ఆ ఏండ్లలో అచ్చటికి పెద్ద హరికేన్లు తక్కువగా వచ్చినవి. తీరమున ఇండ్లు మాత్రము విరివిగా పెరిగినవి. కరెన్ క్లార్క్ అను ఆమె 1987లో స్థాపించిన సంస్థ మరియొక మార్గమును తొక్కినది. కంప్యూటరులో వేలకొలది కల్పిత హరికేన్లను సృష్టించి, అవి నేటి ఇండ్లపై వీచినచో నష్టమెంతయగునో ఆ సంస్థ లెక్కించెడిది. ఆండ్రూ తీరము తాకిన కొద్ది గంటలలోనే, బీమా నష్టము 1,300 కోట్ల డాలర్లు దాటవచ్చునని అది తెల్పినది. వ్యాపారులు నమ్మలేదు. తుదకు తేలిన నష్టము సుమారు 1,550 కోట్ల డాలర్లు. పలు బీమా సంస్థలు దివాలా తీసినవి. నేటి పాఠ్యప్రణాళికలు చాలవరకు ఆ అనుభవము వేసిన బాటలోనే నడచుచున్నవి.

ఆన్‌లైన్ బోధనలోని మేలు

రసాయనశాస్త్రమునకు ప్రయోగశాల వలయును; వైద్యమునకు రోగి వలయును. ఈ శాస్త్రమునకు ముఖ్యముగా వలసినది దత్తాంశము, అనగా ఏండ్ల తరబడి కూర్చిన కొలతలు. ఐరోపాలోని మధ్యకాలిక వాతావరణ సూచనల కేంద్రము రూపొందించిన 'ఇ.ఆర్.ఎ. 5' అను దత్తాంశము ఇందుకు మంచి ఉదాహరణము. భూగోళమును సుమారు 31 కిలోమీటర్ల గడులుగా విభజించి, 1940 నుండి గంటగంటకు గల ఉష్ణోగ్రత, గాలి, వర్షము మొదలగువానిని అది అందించుచున్నది. దానిని ఎవరైనను ఉచితముగా పొందవచ్చును. షికాగోలోని విద్యార్థికిని కర్నూలులోని విద్యార్థికిని లభించునది ఒకే సామగ్రి. దూరవిద్య యనిన తక్కువరకపు విద్య యను అపోహ ఈ విషయమున నిలువదు. తుపాను నష్టములను పరిశీలించు ఉద్యోగి పగలు ఎదుర్కొన్న చిక్కును రాత్రి పాఠమున చర్చింపగలుగుట మరియొక లాభము.

అయితే ఈ బలమునందే బలహీనతయు దాగియున్నది. తెరపై కనబడు గడిని చూచి చూచి, ఆ గడిలోని పొలమును మరచిపోవు ప్రమాదము కలదు.

గడికిని పొలమునకును గల దూరము

దీనికి దృష్టాంతము మన ప్రాంతముననే యున్నది. 2003లో, నాడు ఆంధ్రప్రదేశ్‌లోనుండి నేడు తెలంగాణలోనున్న మహబూబ్‌నగర్ జిల్లాలో, వేరుశనగ, ఆముదము పండించు రైతులకు వర్షపాత బీమాను ప్రయోగాత్మకముగా ప్రవేశపెట్టిరి. ఐ.సి.ఐ.సి.ఐ. లొంబార్డ్, బేసిక్స్ సంస్థలు ప్రపంచ బ్యాంకు సాంకేతిక సహాయముతో దీనిని నిర్వహించినవి. భారతదేశమున ఇట్టి బీమాకు ఇదియే నాంది.

ఇందలి కిటుకు సులభమైనది. పంట ఎంత పోయినదని పొలమునకు వచ్చి ఎవరును చూడరు. నిర్ణీత కేంద్రమునందలి వర్షమాపకములో వాన ఒక హద్దు కంటె తక్కువ నమోదైనచో పరిహారము చెల్లింతురు. తనిఖీల ఖర్చు లేదు, వివాదములకు తావు తక్కువ, సొమ్ము త్వరగా అందును. విశ్లేషకుని దృష్టిలో ఇది చక్కని పరిష్కారము.

కాని ఊరికి ఈ ప్రక్క వాన పడి ఆ ప్రక్క పడకపోవుట మన రైతు ఎరుగనిది కాదు. వర్షమాపకమునందు చాలినంత వాన నమోదై, తన చేను ఎండిపోయినచో, ప్రీమియము కట్టిన రైతునకు చేతికి వచ్చునది శూన్యము. పంట పండినను పరిహారము వచ్చు సందర్భములును ఉండవచ్చును. ఈ తేడాను తగ్గించుటకు వర్షమాపకముల సంఖ్యను పెంచవలెను; నేల స్వభావమును, విత్తిన తేదీని గమనింపవలెను. 31 కిలోమీటర్ల గడి యొక్క సగటుతో ఈ పని తీరదు. ఈ తేడా యొక్క గణితమును నేర్పుట ఒక మెట్టు. దానిచే నష్టపోవు మనిషిని విద్యార్థి యెదుట నిలుపుట అంతకు పై మెట్టు. అది చేయని పాఠ్యప్రణాళిక అసంపూర్ణము.

నూరేండ్ల వరద

రెండవ చిక్కు కాలమునకు సంబంధించినది. 'నూరేండ్ల వరద' అనగా నూరేండ్లకొకమారు వరుస తప్పక వచ్చు వరద యని పలువురు భ్రమపడుదురు. ఏ యేటనైనను అట్టి వరద వచ్చు సంభావ్యత 1 శాతమని మాత్రమే దాని అర్థము. ముప్పదియేండ్ల గడువుపై అప్పు తెచ్చి ఇల్లు కట్టినవాని విషయము చూడుడు. ఒక యేట వరద రాకుండు సంభావ్యత 0.99. అట్టివి 30 సంఖ్యలను హెచ్చవేసినచో సుమారు 0.74 వచ్చును. కావున అప్పు తీరులోపల ఒకమారైనను వరద వచ్చు సంభావ్యత 26 శాతము. నూరేండ్ల మాట విని నిశ్చింతగా నిద్రించువానికి ఇది కనువిప్పు. ఉన్నత పాఠశాల గణితముతోనే ఇంత తెలియుచున్నది.

అయితే ఆ 1 శాతము ఎచ్చట నుండి వచ్చినది? గతకాలపు రికార్డుల నుండి. శీతోష్ణస్థితి మారక నిలకడగా నుండునను ఊహపై ఆ లెక్క ఆధారపడినది. ఆ నిలకడ ఇక లేదని 2008లో మిల్లీయును ఆయన సహచరులును 'సైన్స్' పత్రికలో ప్రకటించిరి. గాలి ఒక సెల్సియస్ డిగ్రీ వేడెక్కినచో సుమారు 7 శాతము అధికముగా నీటియావిరిని నిలుపుకొనగలదు. భారీవర్షములు మరింత భారీ యగుటకు ఇదియొక కారణము.

అమెరికాలోని హ్యూస్టన్ నగరము ఇందుకు సాక్షి. 2017లో వచ్చిన హార్వీ హరికేన్ సమయమున టెక్సాస్‌లోని నెదర్లాండ్ అను పట్టణమున 1,500 మిల్లీమీటర్లకు మించి వాన కురిసినది. 2018లో అమెరికా ప్రభుత్వము వర్షపాతపు పట్టికలను సవరించినది. హ్యూస్టన్ పరిసరములలో 24 గంటల నూరేండ్ల వాన 13 అంగుళముల నుండి 18 అంగుళములకు పెరిగినది. పూర్వము నూరేండ్ల వానగా నెంచినది ఇరువదియైదేండ్ల వాన యైనది. పాత లెక్క తక్కువ యగుటకు రికార్డు పొట్టిదగుట ఒక కారణము. మారుచున్న శీతోష్ణస్థితి మరియొకటి. ఈ రెంటిని విడదీసి చెప్పుట సులభము కాదు. కాని పాత అంకెను నమ్మి కట్టిన ఇండ్లు ఈ చర్చ ముగియువరకు వేచియుండవు. కావున విద్యార్థికి అంకెతోపాటు దాని వెనుకనున్న ఊహను, అంకెకు ఇరుప్రక్కల గల అనిశ్చయమును చెప్పు అలవాటు నేర్పవలెను.

సొమ్ముతో కొలువరాని నష్టము

మూడవ కొరత అన్నింటికంటె లోతైనది. బీమా వ్యాపారము నుండి ఎదిగిన ఈ శాస్త్రము నష్టమును ప్రధానముగా సొమ్ముతో కొలుచుచున్నది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు సుమారు పదివేలమంది మరణించిరి. పూరి గుడిసెలు, పశువులు, పడవలు కొట్టుకొనిపోయినవి. వాటిలో బీమా పట్టికల కెక్కునది ఎంత? సొమ్ము లెక్కలో ఒక సముద్రతీర భవనము ఒక పల్లె మొత్తమును మించగలదు. లెక్క తప్పు కాకపోవచ్చును, కొలబద్ద చాలదు.

మరియొక కొలబద్దతో చూచినచో ఏమి కనబడునో ఒడిశా చెప్పుచున్నది. 1999 అక్టోబరు నాటి మహాతుపానులో అచ్చట సుమారు పదివేలమంది మరణింపగా, 2013 అక్టోబరులో వచ్చిన ఫైలిన్ తుపాను నాటికి మృతుల సంఖ్య పదులలోనికి దిగినది. ముందస్తు హెచ్చరికలు, తుపాను రక్షణ కేంద్రములు, లక్షలాది ప్రజల తరలింపు ఇందుకు కారణములు. ముప్పును తగ్గించుటలో ఇంతటి విజయము మరియొకటి అరుదు. కల్పిత తుపానులను సృష్టించు కార్యక్రమమును వ్రాయనేర్చిన పట్టభద్రుడు ఈ కథను కూడ అంత శ్రద్ధతో చదువవలెను.

ఏది గీటురాయి?

ఇట్టి విద్యను ఎంచుకొను విద్యార్థి, అందలి కంప్యూటరు భాషల జాబితాను చూచి మురిసిపోరాదు. తన అంచనాను తానే పరీక్షించుకొనుట నేర్పుచున్నారా అని అడుగవలెను. ఇందుకు గ్లెన్ బ్రయర్ 1950లో చూపిన కొలత నేటికిని ఉపయోగపడుచున్నది. వాన వచ్చు సంభావ్యత 0.8 అని ఒకడు చెప్పెననుకొనుడు. వాన వచ్చినచో దానిని 1గా తీసికొని, తేడా 0.2ను వర్గము చేయగా 0.04. రానిచో అది 0, తేడా 0.8, దాని వర్గము 0.64. ప్రతిదినపు వర్గముల సగటు ఎంత తక్కువయైన సూచన అంత మంచిది. ప్రతిదినము 0.5 అని చెప్పి తప్పించుకొనువానికి ఎల్లప్పుడును 0.25 దక్కును. అంతకు మించి చేయలేనివాని సూచన వలన ప్రయోజనము లేదు.

దీనికి విశ్వవిద్యాలయమువరకు పోనక్కరలేదు. పాఠశాల ఆవరణలో ఒక వర్షమాపకమును నిలుపవచ్చును. జూన్ నుండి సెప్టెంబరు వరకు ప్రతి సాయంకాలము విద్యార్థులు మరునాటి వానకు సంభావ్యత వ్రాసి, మరునాడు కొలత చూచి, నెల తుదిని బ్రయర్ లెక్క కట్టవచ్చును. ప్రక్క ఊరి పాఠశాల కొలతతో తమ కొలతను పోల్చినచో, మహబూబ్‌నగర్ రైతు ఎదుర్కొన్న చిక్కు వారికి ప్రత్యక్షముగా బోధపడును. ఈ అభ్యాసము గలవాడు రేపు ఏ దేశపు ఆన్‌లైన్ తరగతిలో చేరినను, తెరపై వచ్చిన అంకెను నమ్ముటకు ముందు అది ఏ వర్షమాపకము నుండి వచ్చినదని అడుగును. ఆ ప్రశ్న అడుగనేర్చుటయే ఈ విద్యలో తొలి పాఠము.