గర్భగుడి నుంచి బయటికి

గుడి చుట్టూ ప్రదక్షిణ చేసేటప్పుడు మన చూపు ఎక్కడుంటుంది? చాలామందికి నేల మీద, లేదంటే ముందు నడిచేవాళ్ల వీపు మీద. మొదటిసారి అలంపురం వెళ్లొచ్చినప్పుడు నాకు గుర్తున్నవి తుంగభద్ర ఒడ్డు, ఎర్రటి ఎండ, శిల్పాలు బాగున్నాయన్న మాట, అంతే. గోడ ఒకచోట ముందుకొచ్చి మరోచోట ఎందుకు వెనక్కి తగ్గిందని అడగాలనే తోచలేదు. అది అడగాలని నాకు నేర్పింది స్టెల్లా క్రామ్రిష్ రాసిన ‘ది హిందూ టెంపుల్’. ఆ రెండు సంపుటాలనూ 1946లో కలకత్తా విశ్వవిద్యాలయం అచ్చువేసింది. మన మధ్యయుగపు గుడికట్టు మీద అంత లోతుకి దిగి రాసిన ఆ పండితురాలిది ఆస్ట్రియా.

ఆమె 1896లో, అప్పటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని నికోల్స్‌బర్గ్‌లో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు చెక్ దేశంలో ఉంది, పేరు మికులోవ్. పెరిగిందీ చదివిందీ వియన్నాలో. చిన్నప్పుడు నాట్యం నేర్చుకున్నారు, భగవద్గీత అనువాదం చదివి భారతదేశం మీద మనసు పెట్టుకున్నారు, విశ్వవిద్యాలయంలో సంస్కృతం పట్టారు. కళాచరిత్ర చదువుకి వియన్నా అప్పట్లో పెద్ద పీఠం. ఆమె కంటే ముందు తరంలో అక్కడ పాఠం చెప్పిన ఆలోయిస్ రీగెల్, రోమన్ల చివరి కాలపు నడుంపట్టీ కొక్కేలను సైతం మహాశిల్పాలంత శ్రద్ధగా పరిశీలించారు. అలంకారం అంటే ఖాళీ చోటు నింపే పని కాదు, ఒక కాలం లోకాన్ని ఎలా చూసిందో అందులో తెలుస్తుందన్నది ఆయన పట్టు. మాక్స్ ద్వోర్జాక్ ఇంకో అడుగు ముందుకేసి, 1918లో గోథిక్ శిల్పాన్నీ చిత్రాన్నీ ఆ కాలపు క్రైస్తవ తత్త్వచింతనతో కలిపి చదివారు. యోసెఫ్ స్ట్రిగోవ్‌స్కీ మాత్రం అన్నిటికీ మూలం రోములో వెతకడం ఆపి తూర్పుకి చూడమన్నారు. క్రామ్రిష్ ద్వోర్జాక్, స్ట్రిగోవ్‌స్కీ ఇద్దరి దగ్గరా చదువుకుని, 1919లో భారతీయ తొలి బౌద్ధశిల్పం మీద డాక్టరేట్ పుచ్చుకున్నారు. రూపాన్ని రూపంగా చూడటం, దాని వెనక ఉన్న తలపుని ఆ కాలం మాటల్లోనే వెతకడం: ఈ రెండు అలవాట్లనూ ఆమె ఓడెక్కించి తెచ్చుకున్నారు.

ఆక్స్‌ఫర్డ్‌లో ఆమె ఉపన్యాసాలు విని రవీంద్రనాథ్ టాగూర్ శాంతినికేతన్‌కి పిలిచారు. 1922 నాటికి ఆమె అక్కడున్నారు. భారతీయ కళ మీద పరిశోధనకి వచ్చిన మనిషి అక్కడ చెప్పిన పాఠాలు యూరప్ కళ మీద, గోథిక్ చర్చిల దగ్గర మొదలుపెట్టి అప్పటికి కొత్తగా వచ్చిన డాడా ఉద్యమం దాకా. చిత్రకారుడు నందలాల్ బోస్ ఉన్న కళాభవన్, శాంతినికేతన్ కళాశాల అది, బినోద్ బిహారీ ముఖర్జీ చదువుకుంటున్న రోజులు. అదే ఏడాది చివర కలకత్తాలో జర్మనీ కళాశాల బౌహౌస్ చిత్రకారుల ప్రదర్శన జరగడంలోనూ ఆమె చెయ్యి ఉంది. పాల్ క్లే, కాండిన్‌స్కీ బొమ్మలు కలకత్తావాళ్లు చూశారు. 1924 నుంచి 1950 దాకా కలకత్తా విశ్వవిద్యాలయంలోనే బోధించారు.

ఆ తొలి రోజుల్లోనే ఆమె పట్టుకున్న గ్రంథం విష్ణుధర్మోత్తర పురాణం. అందులో చిత్రకళ, శిల్పాల గురించి ఉన్న మూడో ఖండాన్ని 1924లో ఇంగ్లీషులోకి తెచ్చారు. బొమ్మ చెక్కడం ఎలాగో చెప్పమని వజ్రుడనే రాజు మార్కండేయ మహర్షిని అడుగుతాడు. చిత్రం తెలియనిదే శిల్పం అబ్బదని, నాట్యం తెలియనిదే చిత్రం రాదని, వాద్యం రానిదే నాట్యం, గానం రానిదే వాద్యం పట్టుబడవని మహర్షి ఒక్కో మెట్టూ వెనక్కి తీసుకెళ్తాడు. నాట్యం ఆడిన ఒంటితో ఆ సంభాషణని చదవడం వేరు. ఆమె రాతల్లో రాయి ఎప్పుడూ కదులుతున్నట్టే ఉంటుంది, లోపల ఊపిరి నిండి ఉబికినట్టు ఉంటుంది. ఆ గుణం ఎక్కడిదో నాకు ఇక్కడే అర్థమైంది.

ఇక అసలు సంగతి. క్రామ్రిష్ కంటే ముందు గుడుల మీద రాసిన పెద్దమనిషి జేమ్స్ ఫెర్గుసన్. పందొమ్మిదో శతాబ్దంలో ఎంతో తిరిగి, ఎంతో కొలిచి, గుడులను ప్రాంతాన్నీ జాతినీ బట్టి విడదీశారు. ఆ పని లేకపోతే తర్వాతి పని లేదు. కానీ ఆయన నిలబడింది గుడి బయట. క్రామ్రిష్ గర్భగుడి మధ్యలో నిలబడి బయటికి నడిచారు.

ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో గుడి కొలతలు చెప్పాడు. 16 మూరల వెడల్పున గుడి తలపెట్టారనుకోండి. గర్భగుడి లోపలి వెడల్పు అందులో సగం, 8 మూరలు. మిగిలిన 8 రెండు పక్కల గోడలకి, చెరి 4. ద్వారం గర్భగుడిలో నాలుగో వంతు, అంటే 2 మూరలు, ఎత్తు దానికి రెట్టింపు, 4 మూరలు. గుడి మొత్తం ఎత్తు 32. కాగితం మీద ఈ లెక్క వేసి చూసినప్పుడు నేను ఆగిపోయాను. వెడల్పులో సగం గోడలకే పోతోంది! ఇల్లు కట్టేవాడు ఇలా చెయ్యడు కదా.

బరువు మొయ్యడానికి మందం కావాలి, నిజమే. కమాను లేకుండా, ఒక్కో వరుస రాళ్లని కింది వరుస కంటే కాస్త లోపలికి జరుపుతూ పైన కలిసేదాకా పేర్చిన కట్టడం అది. అయితే క్రామ్రిష్ ఆ మందంలో ఇంకో పని చూశారు. గర్భగుడి లోపలి గోడ నున్నగా, చీకటిగా, ఏ బొమ్మా లేకుండా ఉంటుంది. అదే గోడ బయటి ముఖం మాత్రం మడతలు మడతలుగా ముందుకొస్తుంది. నడిమి భాగం అన్నిటికంటే ముందుకి: అది భద్రం. మూలలు కర్ణాలు. రెంటికీ నడుమ ప్రతిరథం. లోపల గుట్టుగా ఉన్నది దిక్కు దిక్కుకీ తోసుకొచ్చి గోడని ఇలా మలిచిందని ఆమె చదువు. భద్రం మధ్యలో రాతి గూడు ఉంటుంది, దాన్ని శిల్పశాస్త్రం ఘనద్వారం అంటుంది. ఎప్పటికీ తెరుచుకోని తలుపు. లోపలి దేవుడు గోడ దాటి వచ్చి, ప్రదక్షిణ చేసేవాడికి మూర్తిగా కనబడే చోటు అదే. అలంకారం అని మనం దాటిపోయేది ఆమెకి గర్భగుడి చెప్పే మాట.

ఆ మడతలు గోడ దగ్గర ఆగవు. శిఖరం మీదికి గీతలుగా పాకుతాయి. ఖజురహోలోని కందరీయ మహాదేవాలయంలో, పదకొండో శతాబ్దానికి వచ్చేసరికి, పెద్ద శిఖరం రొమ్ముకి చిన్న శిఖరాలు ఆనించి పెట్టారు. వాటి పేరు ఉరఃశృంగాలు. మొత్తం 84 అని లెక్క. అన్నీ కలిసి ఒక కొండ. పైన మెడ, మెడ చుట్టూ గాట్లు గాట్లుగా ఉన్న గుండ్రటి రాయి, ఆమలకం. ఆమలకం అంటే మన ఉసిరిక. అరచేతిలో ఉసిరికాయ పెట్టుకుని దాని చారలు చూస్తే శిఖరం మీది రాయికి ఆ పేరెందుకు వచ్చిందో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. కింద గర్భగుడి నడిబొడ్డు నుంచి కంటికి కనబడని ఒక స్తంభం ఈ రాయి మధ్యలోంచి పైకి పోతుందని క్రామ్రిష్ అంటారు. కింద గుహ, పైన కొండ, రెంటినీ గుచ్చిన ఒకే నిలువు గీత.

వాస్తు అనగానే మనకి ఈశాన్యంలో బరువు పెట్టొద్దు, ఆగ్నేయంలో వంటిల్లు అనే మాటలే నోట్లో ఆడతాయి. గుడి కట్టేవారికి అది 64 గళ్ల మండలం, అందులో నడిమి నాలుగు గళ్లు బ్రహ్మవి. చుట్టూ దేవతలు తమ తమ గళ్లలో కూర్చుని వాస్తుపురుషుణ్ణి నేలకి అదిమి ఉంచుతారు. ఆ మండలాన్ని క్రామ్రిష్ మేస్త్రీ గీసుకునే ప్లానుగా తీసుకోలేదు. గుడి ఏమవబోతోందో నేల మీద ముందుగా రాసిన రాత అది అన్నారు. తర్వాత కళాచరిత్రకారుడు మైకేల్ మైస్టర్ ఉత్తరాది తొలి గుడుల కొలతలు పట్టి చూస్తే చాలాచోట్ల ఆ గళ్లు గోడల్లోనే దొరికాయి. ఎనిమిది గళ్ల వెడల్పులో నాలుగు గర్భగుడికి, అటు రెండు ఇటు రెండు గోడకి. వరాహమిహిరుడి లెక్కతో పోల్చుకోండి.

ఆమె పుస్తకం మీద వచ్చిన విమర్శల్లో బలమున్నవి ఉన్నాయి. వేదం, ఉపనిషత్తు, పురాణం, ఎప్పుడో తర్వాతి శిల్పగ్రంథం, అన్నిటినీ ఒకే గొంతుగా కలిపేశారు. ఒరిస్సాలో రాసిందీ గుజరాత్‌లో రాసిందీ ఒకే సూత్రం అన్నట్టు సాగుతుంది. దక్షిణాది తీరు గుడికి, అంటే విమానానికి, ఇచ్చిన చోటు తక్కువ. ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా, గుడి గోడ దగ్గర నిలబడి ‘ఎందుకు?’ అని అడగడానికి నాకు ఇంతకంటే మంచి పుస్తకం దొరకలేదు.

తెలుగునేలతో ఆమెకి నేరుగా ఒక బంధం ఉంది. 1937లో వచ్చిన దక్కన్ చిత్రకళ మీది ఆమె పుస్తకాన్ని లండన్‌లోని ఇండియా సొసైటీ, హైదరాబాద్ నిజాం ప్రభుత్వపు పురావస్తు శాఖ కలిసి వెలువరించాయి. అప్పుడు ఆ శాఖకి గులాం యజ్దానీ డైరెక్టర్. 1950లో ఆమె అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు, 1954 నుంచి ఫిలడెల్ఫియా మ్యూజియంలో భారతీయ కళాసంపద చూసుకున్నారు. మదురై నుంచి తెచ్చిన రాతి మండపం స్తంభాలు ఆ మ్యూజియంలోనే ఉన్నాయి. బెంగాలీ ఆడవాళ్లు పాతచీరలు పొరలు పొరలుగా వేసి, ఆ చీరల అంచుల్లోంచి లాగిన రంగుదారంతోనే కుట్టే కాంథాలను ఆమె సేకరించి, వాటి మీదా రాశారు. మన బొంతలకి అక్కచెల్లెళ్లవి. వాటిలో నడిమి పద్మాన్నీ నాలుగు మూలల చెట్లనీ ఆమె చూసిన తీరు, గుడిని చూసిన తీరు ఒకటే. 1982లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. 1993లో, 97 ఏళ్ల వయసులో ఫిలడెల్ఫియాలో కన్నుమూశారు.

ఆ పుస్తకం చదివాక మళ్లీ అలంపురం వెళ్లాను. ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో బాదామి చాళుక్యులు కట్టించిన గుడులవి. తెలుగునేల మీద ఆమలకం మోసే ఉత్తరాది తీరు, అంటే నాగర, శిఖరాలు ఇలా గుంపుగా కనబడే చోటు. ఈసారి స్వర్గబ్రహ్మ ఆలయం చుట్టూ తలెత్తి నడిచాను. మూలల్లో దిక్పాలకులు ఎవరి దిక్కులో వాళ్లున్నారు. గోడ ముందుకొచ్చిన చోటల్లా ఆగాను. తర్వాత లోపలికి వెళ్తే, గోడల్లోని రాతి జాలీల గుండా వచ్చిన వెలుతురు ప్రదక్షిణ దారిలో చిన్న చిన్న ముక్కలుగా పడి ఉంది. ఇంకో గడప దాటితే ఆ ముక్కలూ లేవు. రాయి చల్లగా ఉంది, లింగం కంటికి ఆనడానికి కాసేపు పట్టింది. బయట ఎండలో తల వెనక్కి వాల్చి చూసిన ఉసిరికరాయి సరిగ్గా దాని నెత్తినే ఉందని, మధ్యలో ఉన్నదంతా చీకటీ రాయీ అని, అక్కడ నిలబడే తెలిసింది.