గుంజకు బిడ్డా

చలి ముదిరిందంటే నా చేతులు ఊరుకోవు. పరికి కంప నల్లబడే రోజులివి. మిరియాల కన్నా కాస్త పెద్దవి, నిగనిగలాడే పండ్లు. గింజే ఎక్కువ, గుజ్జు తక్కువ. తీపీ పులుపూ ఇట్టే కరిగిపోయి, వెనకాల కొంచెం వగరు మిగులుతుంది. గుప్పెడు తిన్నా ఒక రేగుపండు తిన్నట్టు ఉండదు. అయినా నాకు ఇవే ఇష్టం.

పరికి రేగుకు దగ్గరి చుట్టం. రేగు తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. పరికి పక్కనున్న తుమ్మనో తంగేడునో ఆసరా చేసుకుని ఎగబాకుతుంది. పట్టుకోవడానికి దానికి నులితీగలు లేవు, ముళ్లే ఉన్నాయి. పొట్టిగా, గాలంలా వెనక్కి వంగిన ముళ్లు. అందుకే కంపలోకి చెయ్యి సులువుగా పోతుంది, బయటికి తీయబోతేనే చిక్కుకుంటుంది.

ఏడేళ్లప్పుడు నా అంగీ చెయ్యి అట్లాగే చిక్కింది. ఎంత లాగితే అంత దిగింది. ఏడుపు విని నాయనమ్మ గట్టు మీంచే కేకేసింది: "గుంజకు బిడ్డా! లోపలికి తోయి!" తోస్తే ఇంకా ఇరుక్కుంటుందని భయం. కళ్లు మూసుకుని వేలెడంత ముందుకు తోశాను. ముల్లు దానంతటదే వదిలింది. కోయడం తర్వాత నేర్పింది. ఎడమచేత్తో కొమ్మ కొస పట్టుకుని ఎత్తాలి, కుడి బొటనవేలితో పండును నిమరాలి. ముదిరింది రాలుతుంది, రానిదాన్ని వదిలెయ్యాలి.

భోగినాడు పిల్లల తల మీద పోసే గౌరవం రేగుపళ్లది. పరికికి పండగ లేదు. మా బడి ముందర ఒక అవ్వ మాత్రం గిద్దెతో కొలిచి మా జేబుల్లో పోసేది.

దడి కోసం పరికి కంపను ఎంత కొట్టినా వానలకు మొదలు మళ్లీ చిగిర్చేది. ఇప్పుడు ఆ కంపలున్న గుట్ట కింద ప్లాట్లు వేశారు. యంత్రం వేళ్లతో సహా పెకిలించింది. అక్కడ ఇక చిగిర్చేందుకు ఏమీ లేదు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా నా కడుపు తరుక్కుపోతుంది.

మొన్న ఆదివారం చెరువు కట్ట దిగువన ఒక పొద కనబడింది. ఏ పిగిలిపిట్ట వేసిన గింజో. మనవరాలు నాకన్నా ముందే చెయ్యి పెట్టింది, గౌను చెయ్యి చిక్కింది. నా నోటివెంట నాయనమ్మ మాటే వచ్చింది. పిల్ల నావైపు అనుమానంగా చూసింది, పెదవి బిగబట్టి లోపలికి తోసింది. బయటికొచ్చిన అరచేతిలో ఏడు పండ్లు. రెండు పచ్చివి.