పస్తుల పళ్లెం

ఈ వారం మా వీధి కౌలురైతు మీద గట్టిగానే కేకలేశాను. కోత మిషన్ దగ్గర నిలబడితే వడ్ల నూగు కంట్లో పడిందట. కయ్య పక్క కాలవలో దోసెడు నీళ్లు తీసి కడుక్కున్నాడు. ఇదేం పనంటే, "పారే నీళ్లకు దోషమేముందన్నా?" అన్నాడు.

కంట్లో పుండు పెట్టే అకాంతమీబా అనే అమీబా ఉండేది ఆ నీళ్లలోనే. మట్టిలో, చెరువులో, ఆఖరికి కుళాయి నీళ్లలోనూ ఉంటుంది. మామూలుగా మన జోలికి రాదు. నల్లగుడ్డు మీది పొర గీసుకుపోయిందా, దానికి దారి దొరికినట్టే.

నిదానంగా చేసే పనులంటే నాకున్న పిచ్చి ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలిసిందే. ఆ లెక్కన, జబ్బు తేల్చుకోవడానికి ల్యాబులో ఈ అమీబాను పెంచడం నా మనసుకు నచ్చిన విద్య. కంటిపుండు మీద నుంచి గీకి తీసిన కాస్త పదార్థాన్ని పోషకాలేవీ కలపని అగర్ పళ్లెంలో పెడతారు. పోషకాలు వేస్తే బాక్టీరియా, బూజు విరగబడి పెరిగి అమీబాను కప్పేస్తాయి. అందుకే పళ్లెం పస్తు. దాని మీద ఈ.కొలై బాక్టీరియాను మాత్రం పల్చగా పూస్తారు, అమీబాకు అదే మేత. ముప్పై డిగ్రీల దగ్గర ఉంచి రోజూ మైక్రోస్కోపు కింద చూస్తారు. నారుమడిలో ఎద్దు పడి మేసిన దారుల్లాంటి జాడలు కనిపిస్తే అది ఉన్నట్టు. మేత అయిపోగానే రెండు గోడల సిస్టు కట్టుకుని లోపల ముడుచుకుంటుంది. ఒక్కోసారి రెండు వారాలైనా ఎదురుచూడాలి.

దీన్ని మొదట చూసినవాడికీ పళ్లెంలోనే దొరికింది. 1930లో కాస్టెల్లాని అనే శాస్త్రవేత్త ఈస్టు పెంచుకుంటుంటే, పిలవని ఈ చుట్టం వచ్చి ఈస్టును మేస్తూ కనిపించింది. అకాంతమీబా కాస్టెల్లాని అని ఆయన పేరే దానికి మిగిలింది. కంటిజబ్బుగా తెలిసింది మాత్రం 1970ల్లో.

పాశ్చాత్య దేశాల్లో ఇది ఎక్కువగా కాంటాక్ట్ లెన్సులవాళ్ల జబ్బు. మన దగ్గర వేరు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి నుంచి సావిత్రి శర్మ, ప్రశాంత్ గార్గ్, గుళ్లపల్లి నాగేశ్వరరావు 2000లో ప్రచురించిన పరిశోధన పూర్తిగా లెన్సులు వాడనివాళ్ల గురించే. కంట్లో దుమ్మూ దూగరా పడటం, మురికి నీళ్లు తగలడం మనవాళ్లకు దారులు. మన చిట్టమూరు కయ్యల్లో ఈ రెంటికీ కరువా?

ఇక్కడే నా నిదానం పిచ్చికి దెబ్బ తగిలింది. సిస్టు కట్టుకున్న అమీబా మందుకు అంత తేలిగ్గా లొంగదు, చుక్కలు నెలల తరబడి వేయాల్సి వస్తుంది. ఎంత ముందు పట్టుకుంటే అంత మేలు. ఈలోగా హెర్పిస్ అనుకునో, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునో స్టెరాయిడ్ చుక్కలు వేస్తే ఇంకా ముదురుతుంది. గీకిన పదార్థాన్నే గాజు స్లైడు మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కతో చూస్తే, చూపు తెలిసిన టెక్నీషియన్‌కు ఆ రెండు గోడల సిస్టు నిమిషాల్లో దొరకొచ్చు. కాల్కోఫ్లోర్ రంగు వేసి ఫ్లోరసెంట్ మైక్రోస్కోపులో చూస్తే గోడలు మెరుస్తాయి.

పళ్లెమూ పెట్టాల్సిందే. స్లైడులో తప్పించుకున్నది అందులో పట్టుబడొచ్చు. కానీ గూడూరులోనో నాయుడుపేటలోనో ఒక టెక్నీషియన్‌కు రెంటిలో ఒకటే నేర్పే వీలుంటే, స్లైడే నేర్పమంటాను.