తేనెపట్టు, అయస్కాంతం: కజ్వీనీ అద్భుతవిచారం

దుబాయిలోని అల్ వర్సాన్ ప్రాంతంలో ఇంటర్నేషనల్ సిటీ అనే నివాస సముదాయం ఉంది. అందులోని వాడలకు చైనా, ఫ్రాన్స్, గ్రీస్, మొరాకో, పర్షియా వంటి దేశాల పేర్లు పెట్టారు. లోకాన్నంతా ఒకచోట పేర్చి చూపాలన్న ఇటువంటి కోరికే ఏడున్నర శతాబ్దాల క్రితం పర్షియా దేశీయుడొకడి చేత రెండు పెద్ద గ్రంథాలు రాయించింది. ఆయన పేరు జకరియ్యా అల్ కజ్వీనీ.

కజ్వీనీ 1203 ప్రాంతంలో ఇరాన్‌లోని కజ్వీన్ పట్టణంలో జన్మించి 1283లో మరణించాడు. దాదాపుగా మన తిక్కన సోమయాజికి సమకాలికుడు. ఇరాక్‌లోని వాసిత్, హిల్లా పట్టణాలలో ఖాజీగా పనిచేశాడు. 1258లో బాగ్దాదు మంగోలుల వశమయ్యాక, వారి తరఫున ఆ నగరాన్ని పాలించిన అతా మాలిక్ జువైనీ ఆదరణ పొందాడు.

ఆయన ప్రధాన రచనలు రెండూ అరబ్బీలోనే ఉన్నాయి. ‘ఆసార్ అల్ బిలాద్’ భూమిని ఏడు మండలాలుగా విభజించి, వాటిలోని ఊళ్ళను అక్షరక్రమంలో వివరిస్తుంది. ‘అజాయిబ్ అల్ మఖ్లూకాత్’ గ్రహనక్షత్రాలతో మొదలై ఖనిజాలు, మొక్కలు, జంతువులు, మానవుల దాకా సాగే సృష్టివర్ణన. రచయిత జీవించి ఉండగానే, 1280లో వాసిత్‌లో తయారైన దీని సచిత్రప్రతి ఇప్పుడు మ్యూనిక్ గ్రంథాలయంలో ఉంది.

ఈ రెండవ గ్రంథాన్ని వింతల పుట్టగా భావించేవారు దాని ఉపోద్ఘాతాన్ని గమనించాలి. ఒక వస్తువుకు కారణమేమిటో తెలియనప్పుడు మనిషికి కలిగే దిగ్భ్రమే ఆశ్చర్యమని కజ్వీనీ నిర్వచించాడు. అందుకు తేనెపట్టును ఉదాహరణగా చూపాడు. కొలబద్ద, వృత్తలేఖిని లేకుండా అంత చిన్న ప్రాణి సమానమైన షడ్భుజాలను ఎలా కట్టగలిగిందని అడిగాడు. చిన్ననాటి నుండి చూస్తున్నందువల్లనే మనకు ఇటువంటివి వింతగా తోచవన్నాడు. అయస్కాంతం ఇనుమును ఆకర్షించకపోతే దాని గుణాన్ని కొట్టిపారేయవద్దని, ఆ స్థితికి కారణం వెతకమని కూడా సూచించాడు.

ఈ సూచనలో వివేకమూ ఉంది, ప్రమాదమూ ఉంది. విఫలమైన ప్రతి పరీక్షకూ ఏదో ఒక అవరోధాన్ని సాకుగా చూపవచ్చు. అప్పుడు ఏ నమ్మకమూ అబద్ధమని తేలదు.

‘ఆసార్’లోని సోమనాథ కథనం ఇందుకు తగిన పరీక్ష. అక్కడి విగ్రహం ఏ ఆధారమూ లేకుండా గాలిలో నిలిచి ఉండేదట. పై కప్పులో అయస్కాంత శిలలున్నాయని గజనీ మహమూద్ పరివారంలో ఒకరు అనుమానించారట. కొన్ని రాళ్ళు తీయించగానే విగ్రహం ఒరిగి, క్రమంగా నేలకు దిగిందట. కథనం నిండా హేతుబుద్ధే కనిపిస్తుంది. కాని మహమూద్ దాడి జరిగింది 1025–26లో. కజ్వీనీ రాసింది రెండు శతాబ్దాలు దాటాక. మహమూద్‌కు సమకాలికుడై, సంస్కృతం నేర్చిన అల్ బిరూనీ మాత్రం అక్కడిది శిలాలింగమనే చెప్పాడు. పైగా, స్థిరమైన అయస్కాంతాల ఆకర్షణతో మాత్రమే ఇనుప వస్తువు గాలిలో నిలకడగా ఉండలేదని 1842 నాటి ఎర్న్‌షా సిద్ధాంతం ఆధారంగా ఆధునిక భౌతికశాస్త్రం చెబుతుంది.

కజ్వీనీ లోపం కారణాన్ని వెతకకపోవడం కాదు. కారణం నమ్మదగినదిగా కనిపించేసరికి, సంఘటన జరిగిందో లేదో విచారించకపోవడం. ఈ లోపం మధ్యయుగాలతో ముగియలేదు. ఫలానా మూలికలో ఫలానా రసాయనం ఉంది కనుక వ్యాధి తగ్గిందని నేడు చెప్పేవారిని, ముందు వ్యాధి నిజంగా తగ్గిందా అని అడగవలసి ఉంటుంది. అజాయిబ్‌ను ఈ ప్రశ్నతో చదివితే, అందులోని తేనెపట్టు నిలుస్తుంది. ఆసార్‌లోని వేలాడే విగ్రహం నిలవదు.